చెనక్కాయ నూనెలో కుందేలు: అనంతపురం పొయ్యి, మధ్యధరా పొయ్యి

కుందేలు కూర కుదరకపోతే ముందుగా కారం మీదా, మసాలా మీదా పడతాం. నిజానికి కుందేలు మాంసంలో కొవ్వు లేకపోవడం దగ్గరే చిక్కంతా ఉంది. లేని ఆ కొవ్వును వంటలోకి ఎక్కడి నుంచి తెచ్చారు, ఉన్న కాస్త తడిని ఎలా కాపాడారు అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఇంటి పొయ్యి మీద కుందేలును వండే పద్ధతులను పక్కపక్కన పెట్టి ఈ ఒక్క ప్రశ్న వేస్తే, ఏది నిలబడుతుందో ఏది పేరు మీద బతుకుతోందో తేలిపోతుంది.

పోలికకు ఒక పక్క అనంతపురం మెట్టను, మరో పక్క మధ్యధరా సముద్ర తీరాన్ని తీసుకుంటున్నాను. అనంతపురం సాధారణ వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. మధ్యధరా నడుమ ఉన్న మాల్టా ద్వీపానిదీ ఇంచుమించు అంతే. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఇక్కడ రుతుపవనాలు దయతలిస్తే పడుతుంది. రెండు చోట్లా మన్ను పలచన, రాయి ఎక్కువ. అనంతపురంలో గొర్రెల మందలకు కొదవ లేకపోయినా గొర్రె అంటే అమ్ముకునే సొమ్ము. పండక్కో జాతరకో తప్ప సొంతానికి కోసుకునేది కాదు. ఇలాంటి నేలల్లో పొదల చాటున తిరిగే చిన్న జంతువే పేదింటి మాంసమైంది. అందుకే ఈ రెండు వంటిళ్లకూ చెప్పుకోదగ్గ పోలికలున్నాయి, అంతకన్నా చెప్పుకోదగ్గ తేడాలున్నాయి.

ఏ కుందేలు?

మొదట తేల్చుకోవాల్సిన సంగతి ఇది. మన మెట్టల్లో, చెనక్కాయ చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరు, దొడ్లో గూట్లో పెంచే తెల్ల కుందేలు వేరు. చెవులపిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. పెంపుడు కుందేలు బొరియల జాతి. దాని పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని వేటాడటం నేరం. ఉచ్చులు పన్నినా, కుక్కలను ఉసిగొల్పినా, రాత్రిపూట లైటు వేసి కొట్టినా అంతే. కాబట్టి ఈ వ్యాసంలో పొయ్యెక్కేది పెంపుడు కుందేలు ఒక్కటే. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటి జాతులు దక్షిణాది పెంపకందార్లకు తెలిసినవే. కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు దగ్గర కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణాది కేంద్రం ఇలాంటి మాంసపు జాతుల మీద పనిచేస్తోంది. అయితే మన్నవనూరు చల్లదనం మనకు లేదు. ఎండ 32 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే మగ కుందేళ్లకు తాత్కాలికంగా సంతానశక్తి తగ్గిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గూళ్ల మీద తడి గోనెపట్టాలు కప్పి వాటిని బతికించుకోవడమే ఎక్కువ.

ఈ తేడా వంటకు ఎందుకంటే, మన పెద్దవాళ్లు చెప్పే కుందేలు వంట సూత్రాలన్నీ చెవులపిల్లి కోసం పుట్టినవి. అది పరుగెత్తి బతికే జీవి. మాంసం ముదురు ఎరుపు, కండ గట్టి, వాసన ఘాటు. గంటకు పైగా ఉడకాలి, మసాలా దండిగా పడాలి అన్న మాట దానికి తగినదే. గూట్లో మేత తిని మూడు నెలలకే కోతకొచ్చే కుందేలు మాంసం లేత గులాబీ రంగులో, మెత్తగా, పెద్దగా వాసన లేకుండా ఉంటుంది. దానికీ అదే మంట, అదే మసాలా పెడితే ముక్క పీచైపోతుంది, నోటికి గరం మసాలా తప్ప ఇంకేమీ తగలదు.

చెవులపిల్లిని తినడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి అంగళ్లలో కౌజులతో పాటు కుందేళ్లను కూడా ప్రాణంతోనే, చవగ్గా అమ్ముతున్నారని రాశాడు. అప్పటికి మిరపకాయ మన వంటిళ్లకు ఇంకా అలవాటు కాలేదు. చెనక్కాయ, టమోటా కూడా సముద్రాలు దాటి తర్వాత వచ్చినవే. ఇవాళ ‘తాతల నాటి కుందేలు పులుసు’ అని చెప్పుకునేది విజయనగరం నాటిది కాజాలదు. కొత్త దినుసులొచ్చినప్పుడల్లా మారుతూ వచ్చిన వంట అది. కాబట్టి జంతువు మారినప్పుడు మళ్లీ మార్చుకుంటే సంప్రదాయానికి వచ్చే లోటేమీ లేదు.

రూక్షమైన మాంసం

కొవ్వు సంగతి మన పాత వైద్యులు గుర్తించారు. చరకసంహిత సూత్రస్థానంలో ఆహార పదార్థాల గుణాలు చెప్పే 27వ అధ్యాయం కుందేలు మాంసాన్ని వగరు కలిసినదనీ, తేలికైనదనీ, చలువ చేసేదనీ, రూక్షమైనదనీ, అంటే జిడ్డులేని పొడి స్వభావం గలదనీ వర్గీకరించింది. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికలు ఇదే సంగతిని అంకెల్లో చెబుతాయి. 100 గ్రాముల పచ్చి పెంపుడు కుందేలు మాంసంలో మాంసకృత్తులు 20 గ్రాములైతే, కొవ్వు ఐదున్నర గ్రాములు. అడవి కుందేలులో కొవ్వు రెండు గ్రాముల చిల్లరే. ఉన్న ఆ కొవ్వు కూడా మూత్రపిండాల చుట్టూ, భుజాల దగ్గర ముద్దగా పేరుకుంటుంది గానీ గొర్రె మాంసంలో లాగా కండ లోపలికి పాకదు. పైగా కుందేలుకు తోలు ఒలిచేస్తాం. నాటుకోడిని కాల్చి పసుపు పూసినప్పుడు చర్మం నుంచి వచ్చే జిడ్డు, వాసన ఇక్కడ దొరకవు.

ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో తిరిగిన విల్‌యాల్మర్ స్టెఫాన్సన్ అనే అన్వేషకుడు, వేరే కొవ్వు లేకుండా కేవలం కుందేలు మాంసం మీద బతికినవాళ్లు కడుపు నిండా తింటూనే నీరసించి జబ్బుపడేవారని రాశాడు. మన ఊళ్లో ఎవరికీ ఆ గతి పట్టదు. అయినా వంటవాడికి అందులో పాఠం ఉంది: కుందేలుకు తోడు కావాలి. ఆ తోడును ఏ వంట ఎలా ఇస్తుందో ఇక చూద్దాం.

పులుసు, స్తుఫాత్

అనంతపురం వైపు పులుసుకు పునాది చెనక్కాయ నూనె. ఎర్రగడ్డలు, అల్లం వెల్లుల్లి, పసుపు, ధనియాలు, ఎండుమిరప కారం అందరూ వేసేవే. అసలు పని చేసేది నూరుడు ముద్ద. వేయించిన చెనక్కాయ విత్తనాలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చేతనైతే కొన్ని గసగసాలు కలిపి రోట్లో మెత్తగా నూరుతారు. ఈ నాలుగూ నూనెగింజల జాతే. ముక్క సగం ఉడికాక ముద్ద కలిపి, సన్న సెగ మీద ఉంచితే కాసేపటికి అంచుల వెంట నూనె ఎర్రగా తేలుతుంది. ఆ తేలిన నూనెలో చెనక్కాయ జిడ్డు, కొబ్బరి జిడ్డు, మిరప రంగు అన్నీ ఉంటాయి. కుందేలుకు పుట్టుకతో లేనిదాన్ని పులుసు అలా బయటి నుంచి తెచ్చి పెడుతుంది. చివర్లో పడే చింతపండు ఆ జిడ్డును విరిచి నోటికి తేలిక చేస్తుంది. చింతపండు రసం ముందే పోసేస్తే ముక్క బిగుసుకుంటుంది, అందుకే దాన్ని చివరికి ఉంచడం మంచి పద్ధతి.

మాల్టాలో దీనికి జోడీ ‘స్తుఫాత్ తల్ ఫెనెక్’. కుందేలును ఎర్ర ద్రాక్షసారాయిలో వెల్లుల్లి, బిర్యానీ ఆకులాంటి ఆకు వేసి రాత్రంతా నానబెడతారు. మర్నాడు నూనెలో ఎర్రగా వేయించి, టమోటాతో, అదే సారాయితో గంటన్నర, రెండు గంటలు మగ్గిస్తారు. మాల్టాను 1530 నుంచి 1798 దాకా ఏలిన సెయింట్ జాన్ నైట్లు కుందేళ్ల వేట మీద ఆంక్షలు పెట్టారు. నలుగురూ కలిసి కుందేలు తినే ‘ఫెన్‌కాటా’ విందు ఆ ఆంక్షలకు ఎదురుతిరిగిన అలవాటుగానే బలపడిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇవాళ స్తుఫాత్ వాళ్ల జాతీయ వంటకం.

రెండింటినీ పక్కపక్కన పెడితే పోలిక వడ్డనలో బయటపడుతుంది. ఫెన్‌కాటాలో మొదట కుందేలు రసం కలిపిన స్పగెట్టీ వస్తుంది, ముక్కలు ఆ తర్వాతే. మన విస్తట్లోనూ సంగటి ముద్ద నడుమ గుంట చేసి పోసేది పులుసే. ముక్క పక్కన ఉంటుంది. ఇద్దరికీ తెలిసిన రహస్యం ఒకటే: కుందేలు రుచి ముక్కలో కన్నా రసంలో ఎక్కువ నిలుస్తుంది. తేడా తోడు దగ్గర వస్తుంది. మాల్టావాళ్లు పులుపును, సమయాన్ని నమ్ముకున్నారు, నూనె వేయించడానికే పరిమితం. అనంతపురం జిడ్డును నమ్ముకుంది. బలిసిన ముదురు కుందేలుకు మాల్టా పద్ధతి తగినదే. మూడు నెలల లేత దానికి రాత్రంతా పులుపులో నాననిస్తే పైపొర పిండిలా చెదిరిపోతుంది, రెండు గంటల మంట మరీ ఎక్కువ. లేత కుందేలుకు మన పులుసే పైచేయి, నలభై అయిదు నిమిషాలకు మించి ఉడికించకపోతే.

మన పులుసును తప్పుపట్టాల్సిన చోటు కూడా ఉంది. నూరుడు ముద్ద ఉండగా లవంగం, దాల్చినచెక్క, సోంపు కలిసిన పొడి రెండు చెంచాలు కుమ్మరించడం చెవులపిల్లి నాటి అలవాటు. వాసన చంపడానికి పుట్టిన దినుసులవి. వాసనే లేని మాంసంలో అవి ఏం చంపుతాయి? రుచిని చంపుతాయి.

వేపుడు, అహీయో

వేపుడులో మన దగ్గర ఒక పద్ధతి పాతుకుపోయింది. ముక్కలను ఉప్పు, పసుపు వేసి ముందు ఉడికించి, నీళ్లు ఇగిరాక నూనెలో వేయించడం. గొర్రె మాంసానికి ఇది బాగుంటుంది. ఉడికేటప్పుడు కరిగిన కొవ్వులోనే అది మళ్లీ వేగుతుంది. కుందేలుకు కరగడానికేముంది? మొదటి ఉడుకులో తడి పోతుంది, రెండో వేపులో పీచు మిగులుతుంది. కారం, కరివేపాకు, ఎండుకొబ్బరి తురుము పైపైన ఎంత పట్టించినా లోపలి ఎండుదనం దాగదు.

స్పెయిన్‌లో ఇంటింటా చేసే ‘కొనేహో అల్ అహీయో’ అంటే వెల్లుల్లి కుందేలు. చిన్న ముక్కలను ఉడికించకుండానే ఆలివ్ నూనెలో పొట్టుతీయని వెల్లుల్లి రెబ్బలతో వేయించి, కాస్త తెల్ల ద్రాక్షసారాయి చిలకరించి, సన్న సెగ మీద అరగంట పైచిలుకు మగ్గనిస్తారు. దినుసులు చూస్తే మన వేపుడుకు దగ్గరి చుట్టమే. వరస మాత్రం తిరగబడింది: ముందు నూనె, తర్వాత తడి. వేగిన పైపొర లోపలి రసాన్ని పూర్తిగా బంధించలేదు గానీ, నీళ్లలో ఉడికించినప్పుడు పోయినంత రుచి ఇక్కడ పోదు. దిగిన రసం కూడా మూకుడులోనే ఉండి ముక్కకే పడుతుంది.

ఈ పోలికలో స్పెయిన్‌దే గెలుపు అని ఒప్పుకోవాలి. మనం ఆలివ్ నూనె కొనుక్కోవాల్సిన అవసరం లేదు. చెనక్కాయ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేసి, పచ్చి ముక్కలను నేరుగా దించి, మూతపెట్టి, మధ్యమధ్య చారెడు నీళ్లు చిలకరిస్తే చాలు. కారం పొడి, కొబ్బరి చివరి అయిదు నిమిషాల్లో. మూత తీసి ముక్కను గరిటెతో నొక్కితే కొంచెం లొంగి తిరిగి లేవాలి. లేవకుండా గట్టిగా ఉంటే దించే సమయం దాటిపోయినట్టే.

బిర్యానీ, పాయెల్యా

గుత్తి, కదిరి, హిందూపురం ముస్లిం వంటిళ్లలో దమ్ బిర్యానీకి మంచి చేయి ఉంది. సున్నీ సంప్రదాయంలో కుందేలు హలాల్. కానీ పెరుగు, మసాలాలో నానిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి పూసి దమ్ పెట్టే కచ్చి పద్ధతి గొర్రె, మేక మాంసాల కొవ్వును లెక్కలో పెట్టుకుని పుట్టింది. ఆ కొవ్వు కరిగి అన్నంలోకి ఎక్కుతుంది. కుందేలు నుంచి అలా ఎక్కేదేమీ లేదు. నెయ్యి, వేయించిన ఎర్రగడ్డలు దండిగా వేసి లోటు పూడ్చొచ్చు. పూడ్చాక పుదీనా, నెయ్యి, ఏలక్కాయ వాసనలే మిగిలి, విస్తట్లో ఉన్నది కుందేలో కోడో చెప్పడం కష్టమవుతుంది.

స్పెయిన్‌లోని వలెన్సియా వాళ్ల అసలు పాయెల్యాలో చేపలూ రొయ్యలూ ఉండవు. కోడి, కుందేలు, చిక్కుడు జాతి కాయలు, టమోటా, ఆలివ్ నూనె, కుంకుమపువ్వు, బియ్యం ఉంటాయి. వెడల్పాటి పెనంలో మాంసాన్ని ముందు ఎర్రగా వేయించి, నీళ్లు పోసి మరిగించి, ఆ రసంలోనే బియ్యం వేసి మూత లేకుండా ఉడికిస్తారు. బియ్యం కుందేలు రసాన్ని నేరుగా తాగుతుంది. ఇక్కడ కూడా పులుసు నేర్పిన పాఠమే: రుచి రసంలో ఉంది, రసాన్ని పట్టుకునే దినుసు కావాలి. వలెన్సియాలో అది బియ్యం, మనకు సంగటి. కుందేలుతో అన్నం వండాలనే కోరిక బలంగా ఉంటే దమ్ కంటే రసంలో బియ్యం ఉడికించే పలావు మేలు. బియ్యం బదులు కొర్రలు వేసినా ఆ రసాన్ని చక్కగా పీలుస్తాయి. అనంతపురం మెట్ట పంటకు అది న్యాయం కూడా.

నిప్పులు, కుక్కర్

మిగిలిన రెండు పద్ధతులకు ఇంత చోటు అక్కర్లేదు. చేలో కంది కట్టె నిప్పుల మీద కాల్చి, ఉప్పు కారం అద్దుకుని తినడం కథల్లో ఘనంగా వినిపిస్తుంది. ఆరుబయట ఆకలే దానికి సగం రుచి. ఒంట్లో కొవ్వు లేని జంతువును నేరుగా నిప్పుకు చూపడం కన్నా క్రూరమైన వంట లేదు. నూనె, వెల్లుల్లి పట్టించి, పదే పదే పూస్తూ కాల్చినా నడుం భాగం ఉడికేలోపు కాళ్లు పచ్చిగా ఉంటాయి, కాళ్లు కాలేలోపు నడుం ఎండిపోతుంది.

కుక్కర్ విషయంలో అందరూ చెప్పే సాకు గ్యాస్, తీరిక. మూడు విజిల్స్ చాలంటారు. ఆవిరి ఒత్తిడి ముదురు మాంసాన్ని లొంగదీయడానికి పనికొస్తుంది. లేత కుందేలును ముక్క ముక్కగా విడగొట్టి సన్న ఎముకలను గ్రేవీలో కలిపేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. సగం ఉడికిన దశ తెలుసుకునే వీలు కూడా అందులో లేదు. మూత తెరిచేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

కత్తి దగ్గరే సగం వంట

ఇన్ని పద్ధతులను పోల్చాక గట్టిగా అనిపించేది, ఒక కుందేలుకు ఒకే వంట పెట్టడమే మొదటి తప్పని. మాంసం అంగట్లో మొద్దు మీద పెట్టి మటన్ కొట్టినట్టు కొట్టిస్తే వెన్నెముక చిట్లి సూదుల్లాంటి ముక్కలవుతుంది. కుందేలును కీళ్ల దగ్గర విడదీయాలి. వెనక తొడను పక్కకు వంచితే తుంటి గుండు బయటకొస్తుంది. అక్కడ కత్తి మొన దూర్చి తిప్పితే బలం పెట్టకుండానే తొడ చేతికొస్తుంది. ముందు కాళ్లను ఒంటికి కలిపే ఎముక కీలే లేదు, భుజపు ఎముక వెనక కండ కోస్తే చాలు. నడుం వెన్నెముకతో సహా రెండు మూడు అడ్డ ముక్కలు. పక్కటెముకలు, మెడ విడిగా.

ఇలా విడదీస్తే వంట దానంతటదే తేలుతుంది. తొడలు, ముందు కాళ్లు పులుసుకు. అవి పని చేసిన కండలు, నిదానంగా ఉడికితే మెత్తబడతాయి. నడుం ముక్కలు వేపుడుకు, పదిహేను ఇరవై నిమిషాల్లో దించేయాలి. మెడ, పక్కటెముకలు నీళ్లలో వేసి సన్న సెగన మరిగిస్తే పులుసుకు పోసే రసం సిద్ధం. పచ్చినీళ్ల పులుసుకూ దీనికీ తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది. కార్జం వేరుగా తీసి నూనెలో మిరియాల పొడితో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే వంట పూర్తయ్యేలోపు పొయ్యి దగ్గరున్నవాళ్లకు సరిపోతుంది.

ఇక తీర్పు. పులుసులో అనంతపురం, వేపుడులో స్పెయిన్, అన్నంలో వలెన్సియా ముందున్నాయి. మాల్టా స్తుఫాత్ ముదురు కుందేలుకు పనికొస్తుంది. కచ్చి బిర్యానీ, నిప్పుల కాల్పు, కుక్కర్ కుందేలుకు తగినవి కావు. ఒక్క వంటే ఎంచుకోమంటే చెనక్కాయ, నువ్వులు, కొబ్బరి నూరి పెట్టిన పులుసునే ఎంచుకుంటాను. దానిలో జిడ్డు బయటి నుంచి వస్తుంది, పులుపు చివర్లో వస్తుంది, సంగటి రసాన్ని వదలదు. గరం మసాలా డబ్బా మూత తీయకండి, పొయ్యి పెద్దగా మండించకండి, మెట్టలో పరుగెత్తే చెవులపిల్లి జోలికి పోకండి.